చెస్‌లో నిజంగా ఇంప్రూవ్ అవ్వాలంటే ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

ఒక ఆదివారం సిటీలో ఓ స్కూల్ హాల్లో పెట్టిన రాపిడ్ టోర్నమెంట్‌లో నాకు ఎదురుగా పదేళ్ళ బాబు కూర్చున్నాడు. ఆట మధ్యలోకి వచ్చేసరికి నాకు ఒక రూక్ (ఏనుగు) ఎక్కువ ఉంది, ఇంక అయిపోయిందిలే అనుకుని మూలనున్న వాడి బంటు ఒకటి కొట్టేశా, వాడు వెంటనే రూక్‌ని డి1 గడిలోకి దింపి మేట్ అన్నాడు. నా రాజు జి1లో ఉన్నాడు, ముందున్న మూడు బంట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, తప్పించుకోడానికి ఒక్క గడి లేదు. తర్వాత వరండాలో వాళ్ళ నాన్న కోసం ఎదురుచూస్తూ ఆ బాబే నన్ను అడిగాడు, "అంకుల్, అంతకుముందు నేను రూక్‌ని డి ఫైల్‌లోకి ఎందుకు తెచ్చానో మీరు చూస్కోలేదా?" అని.

చూస్కోలేదు. నా ఎత్తులు నేను ఆలోచించుకుంటున్నా, వాడు వేసేది నా కంటికి కనపడుతోంది గానీ బుర్రలోకి ఎక్కట్లేదు. అప్పటికి రెండేళ్ళుగా ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే ఎత్తుల) వీడియోలు చూస్తున్నా, ట్రాప్స్ బట్టీ పట్టా, ఆన్‌లైన్‌లో రోజుకి పది పదిహేను బ్లిట్జ్ ఆటలు (కొద్ది నిమిషాల్లో అయిపోయేవి) ఆడేవాణ్ణి, రేటింగ్ మాత్రం 1200 దగ్గర అటూఇటూ ఊగుతూ ఉండేది. ఆ రోజు నుంచి ప్రాక్టీస్ మొత్తం ఆ బాబు అడిగిన ప్రశ్న చుట్టూ తిప్పుకున్నా. ఎదుటివాళ్ళు ఎందుకు వేశారు, నేను వేసేది ఎందుకు తప్పు కావచ్చు, ఈ రెండూ అడగడం అలవాటయ్యాకే ఆట కదిలింది. రూల్స్ వచ్చి, ఆడటం వచ్చి, ఒకచోట ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

పేర్ల గురించి ఒక మాట. మా ఇంట్లో బిషప్‌ని ఒంటె అనేవాళ్ళం, తెలుగు పుస్తకాల్లో శకటు అని ఉంటుంది, రూక్‌ని ఏనుగంటారు, క్వీన్‌ని మంత్రి అంటారు. పైగా మా తాతయ్య నేర్పిన పాత ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది. ఇక్కడ రాజు, క్వీన్, రూక్, బిషప్, గుర్రం, బంటు అని వాడతా, టోర్నమెంట్ హాళ్ళలో ఎక్కువగా వినపడేవి అవే కాబట్టి. డి1, ఈ4 లాంటివి గడుల పేర్లు, అక్షరం నిలువు వరసని (ఫైల్), అంకె అడ్డ వరసని చెప్తుంది.

1. ముందు ఓడిన ఆటలు బయటికి తీయండి

కొత్త పుస్తకం కొనకముందు, కోచింగ్‌కి డబ్బు కట్టకముందు, మీరు ఈమధ్య ఓడిపోయిన 20 ఆటలు తీయండి. ఆన్‌లైన్‌లో ఆడినవైతే అన్నీ సేవ్ అయ్యే ఉంటాయి. బ్లిట్జ్ వద్దు, కనీసం పది నిమిషాల ఆటలు తీసుకోండి. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసుకోండి: ఎన్నో ఎత్తు, ఏం వేశా, అప్పుడు ఏమనుకుని వేశా, తర్వాత ఏం జరిగింది. ఇంజిన్ (మంచి ఎత్తులు లెక్కేసి చూపించే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఆన్ చేయకుండా మీ అంతట మీరే ఆట ఎక్కడ పోయిందో వెతకాలి.

మూడో గడి రాయడం చాలా ఇబ్బందిగా ఉంటుంది, చాలాసార్లు "ఏమీ అనుకోలేదు, ఊరికే వేశా" అని రాయాల్సి వస్తుంది. అదే రాయండి, అబద్ధం రాసుకోవద్దు. 20 ఆటలు పూర్తయ్యాక ఒక్కో ఓటమి పక్కన కారణం వేయండి: సపోర్ట్ లేని పావుని వదిలేశా, ఎదుటివాళ్ళ బెదిరింపు చూడలేదు, నాకు దొరికిన ఛాన్స్ మిస్ అయ్యా, ఏం చేయాలో తోచక తోచిన ఎత్తు వేశా, ఎండ్‌గేమ్ (పావులు తక్కువ మిగిలాక నడిచే ఆట) రాలేదు, టైమ్ అయిపోయింది. నా నోట్‌బుక్‌లో సగానికి పైగా మొదటి రెండు కారణాలే వచ్చాయి. ఓపెనింగ్ తెలియక ఓడిన ఆట ఒక్కటి కూడా లేదు, నేను రెండేళ్ళు చదివింది మాత్రం ఓపెనింగ్సే! మీది వేరేలా రావచ్చు, అందుకే చూసుకోమంటున్నా. కింద చెప్పే స్టెప్స్‌లో దేనికి ఎక్కువ టైమ్ ఇవ్వాలో ఈ లెక్కే చెప్తుంది.

2. ప్రతి ఎత్తుకి ముందు నాలుగు ప్రశ్నలు

నా దృష్టిలో ఇదే అసలు స్టెప్, మిగతావన్నీ దీనికి సాయం చేసేవి.

మొదటి ప్రశ్న, ఎదుటివాళ్ళు ఇప్పుడు వేసిన ఎత్తు వల్ల ఏం మారింది? ఆ పావు కొత్తగా దేన్ని చూస్తోంది, ఇంతకుముందు కాపలా కాస్తున్న దేన్ని వదిలేసింది, దాని వెనకున్న ఏ దారి తెరుచుకుంది. మూడూ చూడాలి, ఎక్కువమంది మొదటిది చూసి ఆగిపోతారు.

రెండో ప్రశ్న, బలవంతపు ఎత్తులు ఏమున్నాయి? ముందు చెక్‌లు, తర్వాత కొట్టగలిగినవి, ఆ తర్వాత బెదిరింపులు. నావి, వాళ్ళవి, రెండు వైపులా చూడాలి. మొదట్లో ఇది చూడటానికే నిమిషం పడుతుంది, రెండు మూడు నెలలు పట్టుబట్టి చేస్తే కన్ను దానంతటదే అటు పోతుంది.

మూడోది, వేయదగ్గ ఎత్తులు రెండో మూడో ఎంచుకోవడం. ఒక్కటే చూసి దాంట్లోనే మునిగిపోతే దానికంటే మంచిది పక్కనే ఉన్నా కనపడదు.

నాలుగోది, చెయ్యి బోర్డు మీదికి వెళ్ళకముందు అడగాల్సింది: నేనిది వేస్తే నన్ను ఓడించడానికి వాళ్ళకున్న బెస్ట్ ఎత్తేంటి? ఇక్కడ మీరు కాసేపు అవతలి కుర్చీలో కూర్చోవాలి. మన ఎత్తు మీద మనకి ప్రేమ ఉంటుంది కదా, దాన్ని సమర్థించే జవాబులే మనసు వెతుకుతుంది, "నేనిటొస్తా, వాడటెళ్తాడు, అప్పుడు నేను కొడతా" అని. వాడు అటెందుకు వెళ్తాడు? వెళ్ళకపోతే ఏంటి? మన ఎత్తుని మనమే పడగొట్టాలని గట్టిగా ప్రయత్నించి, పడగొట్టలేకపోతే అప్పుడు వేయాలి. లాజిక్ అని పెద్ద పేరు పెట్టి చెప్పేది ఇదే.

మాటలతో చెప్తే ఇది వంటబట్టదు. బోర్డు తెచ్చుకుని కింద ఆట వేసి చూడండి. తెల్ల బంటు ఈ4, నల్ల బంటు ఈ5. తెల్ల గుర్రం ఎఫ్3, నల్ల బంటు డి6. తెల్ల బిషప్ సి4, నల్ల బిషప్ జి4. తెల్ల రెండో గుర్రం సి3, నల్ల బంటు జి6. ఇప్పుడు తెల్ల వంతు.

నల్లపావులతో ఆడేవాళ్ళ ఆలోచన ఇలా ఉంటుంది: ఎఫ్3 గుర్రం వెనకాల డి1లో క్వీన్ ఉంది, గుర్రం కదిలితే క్వీన్ పోతుంది, క్వీన్ పోతే ఆట పోతుంది, కాబట్టి గుర్రం కదలదు. వినడానికి బాగానే ఉంది. కానీ ఒక్కో ముక్కని విడిగా పట్టుకుని నిజమేనా అని అడగండి. గుర్రం కదిలితే క్వీన్ పోతుంది, నిజమే. క్వీన్ పోతే ఆట పోతుంది, అది మాత్రం ఎప్పుడూ నిజం కాదు. వెనకాల రాజు ఉంటే ఆ పావు కదలడం రూల్ ప్రకారమే కుదరదు, వెనకాల క్వీన్ ఉంటే కదలొచ్చు, కాకపోతే ఆ ఖర్చు భరించాలి. ఇక్కడ తెల్లవాళ్ళు గుర్రంతో ఈ5 బంటుని కొట్టేస్తారు. నల్ల బిషప్ సంతోషంగా డి1లో క్వీన్‌ని కొడితే, తెల్ల బిషప్ ఎఫ్7లో బంటుని కొట్టి చెక్ ఇస్తుంది, రాజుకి ఈ7 తప్ప దారి లేదు, అప్పుడు సి3 గుర్రం డి5కి దూకితే మేట్. రాజు చుట్టూ ఉన్న ప్రతి గడినీ వేలు పెట్టి చెక్ చేసుకోండి, ఎవరు ఏ గడిని కాపలా కాస్తున్నారో చూస్తే భలే ఉంటుంది. క్వీన్‌ని కొట్టకుండా డి6 బంటుతో ఈ5 గుర్రాన్ని కొడితే తెల్ల క్వీన్ జి4 బిషప్‌ని తీసేసుకుంటుంది, తెల్లవాళ్ళకి ఒక బంటు లాభం. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు లెగాల్ పేరు మీద దీన్ని లెగాల్ మేట్ అంటారు.

ఇంతవరకు ట్రాప్స్ వీడియోల్లో కూడా చూపిస్తారు. నేను దీన్నే బట్టీ పట్టి ఒకసారి గట్టిగా దెబ్బతిన్నా. ఆ ఆటలో జి6 బంటు ఎత్తు లేదు, దానికి బదులు నల్ల గుర్రం సి6లో ఉంది. చూడటానికి అదే పొజిషన్ అనిపించింది, గుర్రంతో ఈ5 కొట్టేశా, అవతలివాళ్ళు క్వీన్ వైపు చూడను కూడా చూడలేదు, సి6 గుర్రంతో నా గుర్రాన్ని కొట్టేశారు. ఆ ఈ5కి వచ్చిన గుర్రమే జి4 బిషప్‌కి సపోర్ట్ కూడా ఇస్తోంది, నేను క్వీన్‌తో బిషప్‌ని కొట్టలేను, ఒక బంటుకి గుర్రాన్ని సమర్పించుకున్నట్టయింది.

ఇప్పుడు మూడో రకం చూడండి. నల్ల గుర్రం అలాగే సి6లో ఉంది, కానీ తెల్లవాళ్ళు ముందు హెచ్3 బంటు వేశారు, నల్ల బిషప్ వెనక్కి హెచ్5కి వెళ్ళింది. ఇప్పుడు ఈ5 కొట్టొచ్చా? కొట్టొచ్చు! క్వీన్‌ని కొడితే పాత మేటే. సి6 గుర్రంతో ఈ5లో కొడితే, హెచ్5 బిషప్‌కి ఇప్పుడు ఆ గుర్రం సపోర్ట్ అందదు కాబట్టి క్వీన్‌తో బిషప్‌ని కొడతాం, వాళ్ళు గుర్రంతో సి4లో మన బిషప్‌ని కొడతారు, మనం క్వీన్ బి5లో పెట్టి చెక్ ఇచ్చి తర్వాతి ఎత్తులో ఆ గుర్రాన్ని తీసుకుంటాం. లెక్కేస్తే మనకి ఒక బంటు ఎక్కువ.

మూడింటిలోనూ ఐడియా ఒకటే, కానీ ఒక గుర్రం ఒక గడిలో ఉండటం, ఒక బిషప్ ఒక్క గడి వెనక్కి పోవడం వల్ల ఫలితం తిరగబడిపోయింది. ఐడియా గుర్తుండటం వల్ల అది తడుతుంది. ఇప్పుడు, ఇక్కడ పనిచేస్తుందా అనేది మాత్రం ప్రతిసారీ లెక్కేసుకోవాలి. ఈ మూడు పొజిషన్లూ ఎవరి సాయం లేకుండా బోర్డు మీద పెట్టి, ఎందుకో పక్కనున్నవాళ్ళకి వివరించగలిగే వరకు మూడో స్టెప్‌కి వెళ్ళకండి.

3. పజిల్స్, కానీ నెమ్మదిగా

పైన చెప్పిన ప్రశ్నలకి జవాబులు తట్టాలంటే బుర్రలో సరుకుండాలి. 1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటి ఉంది. నిజమైన ఆటలోని పొజిషన్‌ని కొన్ని సెకన్లు చూపించి మళ్ళీ పెట్టమంటే మాస్టర్ చాలావరకు పెట్టేశాడు, కొత్తగా నేర్చుకున్నవాళ్ళు కొన్ని పావులే పెట్టగలిగారు. అవే పావుల్ని ఏ అర్థం లేకుండా చెల్లాచెదురుగా పెట్టి చూపిస్తే మాస్టర్‌కున్న ఆ గొప్పతనం దాదాపు మాయమైపోయింది. అంటే వాళ్ళ జ్ఞాపకశక్తి మనకన్నా ఎక్కువని కాదు, మనం "అమ్మ" అనే మాటని అక్షరాలు కూడబలుక్కోకుండా చదివినట్టు వాళ్ళు పావుల గుంపుల్ని ఒకేసారి చదువుతారు. పజిల్స్ చేసేది ఆ చదవడం రావడానికే.

లైచెస్ అనే వెబ్‌సైట్‌లో పజిల్స్ మొత్తం ఫ్రీ, ఎన్నైనా చేసుకోవచ్చు, టాపిక్ వారీగా కూడా ఉంటాయి. ముందు ఒక ఎత్తు మేట్, రెండెత్తుల మేట్, తర్వాత ఫోర్క్ (ఒక పావుతో ఒకేసారి రెంటి మీద దాడి), పిన్ (కదిలితే వెనకున్న పెద్ద పావు పోయేది), స్క్యూయర్ (ముందున్న పెద్ద పావు తప్పుకుంటే వెనకది పోయేది), డిస్కవర్డ్ ఎటాక్ (ఒక పావు జరిగితే వెనకున్నది దాడి చేసేది), బ్యాక్ ర్యాంక్ మేట్ (రాజు చివరి వరసలో ఇరుక్కుపోయేది, నేను ఆ బాబు చేతిలో తిన్నది ఇదే), ఆ తర్వాత కాపలాదారుని పక్కకి లాగేవి. ఒక్కో టాపిక్ మీద వారం పది రోజులు ఉండండి.

ఎలా చేయాలనేది ముఖ్యం. చూడగానే తోచిన ఎత్తు నొక్కి, తప్పైతే ఇంకోటి నొక్కడం వల్ల ఏమీ రాదు, అది లాటరీ టికెట్ గీకినట్టుంటుంది. మొత్తం లైన్ చివరిదాకా, వాళ్ళ బెస్ట్ జవాబుతో సహా బుర్రలో చూసుకుని అప్పుడు మొదటి ఎత్తు వేయండి. నేను మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో దిగేలోపు నాలుగైదు పజిల్స్‌కి మించి చేయను, సీటు దొరకని రోజు రెండే. తప్పు చేసినవి నోట్‌బుక్‌లో బొమ్మ గీసి పెట్టుకుని వారం తర్వాత, నెల తర్వాత మళ్ళీ చేస్తా. మళ్ళీ తప్పు చేసినవే నా నిజమైన సిలబస్. టైమర్ పెట్టుకుని గబగబా చేసే పజిల్స్ సరదాకి బాగుంటాయి, నెమ్మదిగా చేయడం వచ్చాక ఆడుకోండి.

4. ఎండ్‌గేమ్, అందరూ వాయిదా వేసేది

పావులు తక్కువున్నప్పుడే లాజిక్ శుభ్రంగా కనపడుతుంది, దాచుకోడానికి ఏమీ ఉండదు కాబట్టి. అందుకే పిల్లలకైనా పెద్దలకైనా ఓపెనింగ్ కంటే ముందు ఇదే నేర్పాలని నేను గట్టిగా నమ్ముతా.

రాజు, బంటు వర్సెస్ రాజు దగ్గర మొదలుపెట్టండి. రాజులిద్దరూ మధ్యలో ఒక్క గడి ఖాళీతో ఎదురెదురుగా నిలబడితే ఎవరి వంతు వస్తే వాళ్ళు పక్కకి తప్పుకోవాలి, దీన్ని ఆపోజిషన్ అంటారు. మన రాజు బంటుకి ముందుండాలి, వెనకాల నడవకూడదు, అంచు బంటయితే ఎదుటి రాజు మూలకి చేరితే డ్రానే. తర్వాత, పరిగెత్తే బంటుని రాజు పట్టుకోగలడా లేదా చెప్పే స్క్వేర్ రూల్. రూక్ ఎండింగ్స్‌లో రెండు చాలు మొదట్లో, గెలిచే వైపు లూసెనా పొజిషన్, డ్రా చేసే వైపు ఫిలిడోర్ పొజిషన్. ఇవి ఒక్క ఆదివారంలో వచ్చేస్తాయి, జీవితమంతా పనికొస్తాయి.

ఒక్క పొజిషన్ మాత్రం తప్పకుండా చూడాలి. 1921లో రిచర్డ్ రేటి అనే ఆటగాడు తయారుచేసింది. తెల్ల రాజు హెచ్8, తెల్ల బంటు సి6. నల్ల రాజు ఎ6, నల్ల బంటు హెచ్5. తెల్ల వంతు, డ్రా చేయాలి. అంతే, బోర్డు మీద నాలుగే పావులు. చూడగానే ఆశ వదిలేసుకుంటాం: నల్ల బంటు పరిగెడితే మన రాజు అందుకోలేడు, మన బంటు పరిగెడితే నల్ల రాజు పక్కనే ఉన్నాడు, సాయానికి వెళ్దామంటే మన రాజు బోర్డు అవతలి మూలనున్నాడు. రెండు పనులున్నాయి, ఒక్కోటి విడిగా చూస్తే రెండూ ఆలస్యమే.

ఇప్పుడు ఇలా వేయండి. రాజు జి7. నల్ల బంటు హెచ్4. రాజు ఎఫ్6. ఇక్కడ నల్లవాళ్ళు బంటుని హెచ్3కి తోస్తే మన రాజు ఈ7కి వెళ్తాడు, మన బంటు కూడా చివరికి చేరుతుంది, ఇద్దరికీ క్వీన్స్ వస్తాయి. కాబట్టి వాళ్ళు రాజుని బి6కి తెచ్చి మన బంటు మీదికొస్తారు. మన రాజు ఈ5. ఇప్పుడు నిలబడి చూడండి, ఈ రాజు ఇక్కణ్ణుంచి ఎఫ్4కి వెళ్తే నల్ల బంటుని పట్టుకుంటాడు, డి6కి వెళ్తే తన బంటుకి కాపలా అవుతాడు. నల్లవాళ్ళు సి6 బంటుని కొడితే మనం ఎఫ్4, వాళ్ళ బంటు పోయినట్టే. బంటుని హెచ్3కి తోస్తే మనం డి6, మన బంటు క్వీన్ అవుతుంది. రెంటికీ ఒకేసారి అడ్డం పడలేరు.

స్కూల్లో చదివిన జ్యామితిలో కర్ణం పొడవెక్కువ, చెస్ బోర్డు మీద రాజు మాత్రం ఐమూలగా వెళ్ళినా నిటారుగా వెళ్ళినా అన్నే అడుగులు. ఆ ఒక్క విషయం మీద ఈ మొత్తం నిలబడి ఉంది. ఆ రాజు ఐమూలగా దిగుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది, మా చెల్లెలి కూతురికి చూపిస్తే మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని పది సార్లు ఆడింది.

ఇవి చిన్నపిల్లల పాఠాలనుకోవద్దు. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ చివరిదైన 14వ గేమ్‌లో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ రూక్‌ని ఎఫ్2కి తెచ్చాడు, గుకేష్ రూక్‌లు మార్చేసి, వెంటనే బిషప్‌లు కూడా మార్చుకునేలా చేసి, ఒక బంటు ఎక్కువతో రాజు బంటుల ఎండింగ్‌లోకి దింపేశాడు, 18 ఏళ్ళకే వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. ఆ కొట్లాటలన్నీ అయ్యాక మిగిలేది గెలుపా డ్రానా అని ముందే తెలియాలి కదా, అది తెలిసేది ఎండ్‌గేమ్ చదివితేనే. ఆ మ్యాచ్‌కి గుకేష్ టీమ్‌లో మన గుంటూరు హరికృష్ణ కూడా పనిచేశాడు.

5. ఓపెనింగ్స్‌కి తక్కువ టైమ్

తెల్లపావులతో ఒకటి, నల్లపావులతో ఈ4 మీద ఒకటి, డి4 మీద ఒకటి, మూడు చాలు. నేనైతే తెల్లపావులతో ఇటాలియన్ అనే ఓపెనింగ్ చెప్తా, నల్లపావులతో ఈ4కి ఈ5, డి4 వస్తే క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్. సెంటర్, పావులు బయటికి తేవడం, క్యాసిలింగ్, ఈ మూడూ సహజంగా వస్తాయి కాబట్టి. ప్రతి ఎత్తు పక్కన "ఎందుకు" అని ఒక వాక్యం రాసుకోండి, రాయలేకపోతే ఆ ఎత్తు మీకు ఇంకా రానట్టే.

ఉదాహరణకి ఈ4, ఈ5, బిషప్ సి4, గుర్రం సి6 తర్వాత క్వీన్ హెచ్5కి దూకుతుంది, నాలుగెత్తుల మేట్ కోసం. భయపడి గుర్రం ఎఫ్6 వేస్తే ఎఫ్7లో మేటే. క్వీన్ చూస్తున్నది ఎఫ్7ని, ఆ దారికి జి6 బంటు అడ్డం పెడితే దారీ మూసుకుంటుంది, క్వీన్ కూడా కదలాల్సి వస్తుంది. అది ఎఫ్3కి వెళ్ళి మళ్ళీ బెదిరిస్తే ఇప్పుడు గుర్రం ఎఫ్6, ఇంక మన ఆట బాగుంది. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు, మొదటి ప్రశ్న అడిగితే చాలు.

6. మంచి ఆటలు మూసిపెట్టి చదవడం

మాస్టర్స్ ఆటల్ని సినిమా చూసినట్టు చూస్తే ఏమీ అంటదు. ఒక పేపర్‌తో ఎత్తులు కప్పేసి, గెలిచినవాళ్ళ వైపు కూర్చుని ప్రతి ఎత్తు ముందే ఊహించి రాయండి, తర్వాత తీసి చూడండి. తేడా వచ్చినచోట ఆగి, వాళ్ళది ఎందుకు మంచిదో వెతకండి. ఒక ఆటకి గంట పడుతుంది, పట్టనివ్వండి.

మొదటిది 1858లో పారిస్‌లో అమెరికన్ ఆటగాడు పాల్ మార్ఫీ ఆడిన ఒపెరా గేమ్ తీసుకోండి. 17 ఎత్తుల్లో అయిపోతుంది, క్వీన్‌ని ఇచ్చి రూక్‌తో మేట్ చేస్తాడు. అందరూ ఆ క్వీన్ గురించి చెప్తారు, మీరు మాత్రం చివరి పొజిషన్‌లో నల్లవాళ్ళ ఎఫ్8 బిషప్, హెచ్8 రూక్ చూడండి, ఆట అయిపోయింది, అవి ఒక్క గడి కూడా కదల్లేదు. మార్ఫీ ప్రతి ఎత్తులో కొత్త పావుని ఆటలోకి తెస్తుంటే అటువైపు రెండు పావులు నిద్రపోతున్నాయి.

తర్వాత మనవాళ్ళవి. 2019లో, 2024లో రెండుసార్లు మహిళల వరల్డ్ రాపిడ్ గెలిచిన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, హరికృష్ణ, 2024 డిసెంబర్ ఫిడే (అంతర్జాతీయ చెస్ సంఘం) రేటింగ్ లిస్ట్‌లో 2800 దాటిన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ మార్కు దాటిన రెండో భారతీయుడు తనే. 2002లో ఫిడే వరల్డ్ కప్ మన హైదరాబాద్‌లోనే జరిగితే ఆనంద్ గెలిచాడు, ఆ ఆటలు కూడా వెతికి చూడండి. ఒకేసారి అందరివీ వద్దు, మీకు నచ్చిన ఒక్కరి ఆటలు 20 వరసగా చూస్తే వాళ్ళు ఎలా ఆలోచిస్తారో అర్థమవుతుంది.

పుస్తకాలకి ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్ళండి, ఓపిగ్గా వెతికితే పాత చెస్ పుస్తకాలు దొరుకుతాయి. కొన్నిట్లో ఎత్తులు పి-కె4 (ఇప్పటి ఈ4) అని పాత పద్ధతిలో ఉంటాయి, అలవాటు లేకపోతే తలనొప్పి, కొనకముందు నాలుగు పేజీలు తిప్పి చూసుకోండి.

7. మీ ఆట మీరే విప్పడం, ఆ తర్వాతే ఇంజిన్

వారానికి మూడు నాలుగు ఆటలు చాలు, 15 నిమిషాలు ప్లస్ ఎత్తుకి 10 సెకన్లో, ఇంకా ఎక్కువో. నాలుగు ప్రశ్నలు అడిగే టైమ్ లేని ఆటలో ఆ అలవాటు ఎలా వస్తుంది? బ్లిట్జ్ పూర్తిగా మానేయమని చెప్పను, నేను మానలేదు, రోజుకి రెండు ఆటలకి తగ్గించా.

ఆట అవ్వగానే ముందు మీరే ఎక్కడ టర్న్ అయిందో, ఏమనుకుని ఏం వేశారో రాయండి. తర్వాత స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ఆన్ చేయండి, లైచెస్‌లోనే ఫ్రీగా వస్తుంది. ఎర్రగా చూపించిన ప్రతి ఎత్తూ పట్టుకోకండి, మూడు పెద్ద తప్పులు తీసుకుని ఇంజిన్‌తో వాదించండి. అది చెప్పిన ఎత్తు కాకుండా మీ ఎత్తే వేసి చూడండి, అది ఎలా శిక్షిస్తుందో తెలుస్తుంది, దానికి జవాబు వెతకండి, మళ్ళీ శిక్షిస్తుంది. చివరికి తప్పేంటో మీ మాటల్లో ఒక్క వాక్యం రాసుకోగలిగితే అప్పుడు మూసేయండి. "ఇంజిన్ మైనస్ రెండు చూపించింది" అనేది కారణం కాదు.

పిల్లల్ని కోచింగ్‌లో చేర్పించిన అమ్మానాన్నలకి ఇక్కడ చెప్పాలి. పిల్లలు హాల్లోంచి రాగానే "గెలిచావా" అని కాకుండా "ఎక్కువసేపు ఏ ఎత్తు దగ్గర ఆలోచించావ్, ఎందుకు" అని అడగండి. మీకు చెస్ రాకపోయినా పర్లేదు, వాళ్ళు చెప్తుంటే వినండి. వివరించడానికి మాటలు వెతుక్కునేటప్పుడే వాళ్ళ ఆలోచన చిక్కు విడిపోతుంది.

8. టోర్నమెంట్‌కి వెళ్ళండి

ఇంట్లో ఫోన్‌లో ఆడటం వేరు, నిజం బోర్డు ముందు కూర్చోవడం వేరు. వీకెండ్స్‌లో సిటీలో స్కూళ్ళలో, ఫంక్షన్ హాళ్ళలో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. వెళ్ళేముందు నెలరోజులు ఇంట్లో కూడా నిజం బోర్డు మీదే పజిల్స్ పెట్టుకుని చేయండి, స్క్రీన్ మీద పైనుంచి చూసిన కళ్ళకి బోర్డు కొత్తగా ఉంటుంది. రూల్స్‌లో రెండు మూడు ముఖ్యం. ముట్టుకున్న పావుతోనే ఆడాలి, సరిచేయాలంటే ముందు "అడ్జస్ట్" అని చెప్పాలి. ఏ చేత్తో ఎత్తు వేశారో ఆ చేత్తోనే క్లాక్ నొక్కాలి. క్లాసికల్ ఆటల్లో ఎత్తులు రాయాలి, వేశాకే రాయాలి. ఫిడే రేటింగ్ 2024 మార్చి నుంచి 1400 దగ్గర మొదలవుతుంది, కాబట్టి మొదటి రేటింగ్ రాకపోతే కంగారు పడక్కర్లేదు, టైమ్ పడుతుంది.

రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య ఫోన్‌లో ఓపెనింగ్ చూసుకోకండి. నీళ్ళు తాగి కాసేపు నడవండి. మీరు గెలిచే పొజిషన్‌లో ఉన్నప్పుడు ఒకసారి చేతులు ఒళ్ళో పెట్టుకోండి, నా ఓటములు ఎక్కువ అక్కడే జరిగాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆట అయ్యాక ఎదురుగా ఆడినవాళ్ళతో కూర్చోండి, వయసు చూడకండి, గెలిచినా ఓడినా "ఒకసారి చూద్దామా" అని అడగండి. ఆ రోజు వరండాలో ఆ బాబు అడిగాక మేమిద్దరం నేల మీద బోర్డు పరిచి ఆట మొత్తం మళ్ళీ పెట్టుకున్నాం. వాడి రూక్ డి ఫైల్‌లోకి వచ్చిన ఎత్తు దగ్గర ఆగి నేనేం వేసుండాల్సిందని అడిగితే వాడు ఏమీ మాట్లాడకుండా నా హెచ్2 బంటుని ఒక్క గడి ముందుకి జరిపి, రాజుకి హెచ్2లో కిటికీ తెరిచి, ఇప్పుడు చూడండి అన్నాడు. ఇద్దరం అక్కణ్ణుంచి మళ్ళీ ఆడుతుండగా వాళ్ళ నాన్న బండి తాళాలు ఊపుతూ వచ్చి, పోదామా అనడిగి, మా పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయాడు.